పాత నగరాలు, శిథిలాలు, కొండాకోనా: నెల్లూరు నుంచి పోయేవాళ్లకి నాలుగు టూర్లలో ఏది?

సింగపూర్, మలేషియా అయిపోయాయి. దుబాయ్ అయిపోయింది. యూరప్ కూడా పది రోజుల్లో ఆరు దేశాల లెక్కన బస్సు కిటికీలోంచి చూసేశారు. ఇప్పుడు కాస్త నింపాదిగా, రెండు వారాల పాటు ఒకే వైపు తిరుగుతూ, గైడు చెప్పేది వింటూ చూడాలనుకునేవాళ్లు మన నెల్లూరు, ఒంగోలు వైపు బాగానే పెరిగారు. ఎక్కువగా రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, పిల్లలు అమెరికాలో సెటిలైన దంపతులు. వాళ్ల చేతికొచ్చే బ్రోచర్లన్నీ ఒకటే పాట పాడతాయి: తెల్లదొరలు కట్టిన పాత నగరాలు, అంతకు ముందటి రాజ్యాల శిథిలాలు, మధ్యలో కొండలు, సరస్సులు, అడవులు. ఫొటోలు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి. ధర దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ ఎక్కడా పొంతన ఉండదు.

ఈ మూడూ ఒకే టూర్‌లో బాగా కుదిరే దారులు, మనవాళ్లు నిజంగా పోగలిగేవి, నా లెక్కలో నాలుగు. శ్రీలంక ఒకటి. వియత్నాం, కంబోడియా కలిపి ఒకటి. ఆ తర్వాత మెక్సికో, పెరూ. వీటిలో గొప్పది ఏదంటే తడుముకోకుండా పెరూ అంటాను. కానీ మీకు సరిపోయేది ఏదో తేల్చాలంటే చూపించే ప్రదేశాల జాబితా పక్కన పెట్టి వేరే లెక్క వేయాలి. ఒకే మంచం మీద ఎన్ని రాత్రులు పడుకోనిస్తారు? సముద్రమట్టానికి ఎంత ఎత్తులో పడుకోబెడతారు? ఎన్ని మెట్లు ఎక్కిస్తారు? రాత్రికి ఏం పెడతారు? ఈ నాలుగూ తేలితే టూర్ తేలిపోయినట్టే.

"తెల్లోళ్ల కోటలు చూసేదానికి అంత దూరం పోవాల్నా?" అని మా బావగారు ఎగతాళి చేస్తుంటారు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్లు మద్రాసులో కోట కట్టకముందు, 1626లో గిడ్డంగి పెట్టుకున్నది మన దుగరాజపట్నంలోనే. ఆ తర్వాత పదిపదిహేనేళ్లకి గానీ మద్రాసుకి మారలేదు. సూళ్లూరుపేట దాటి పులికాట్ ఊళ్లోకి పోతే డచ్చివాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. కాకపోతే మన దగ్గర కోట ఆనవాలు మిగిలితే ఊరు లేదు, ఊరు మిగిలితే కోట లేదు. రెండూ కలిసి బతికున్న చోట తిరిగితే ఆ అనుభవమే వేరు.

శ్రీలంక: తొలిసారి పోయేవాళ్లకి

నెల్లూరు నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకి పట్టే టైమ్‌లో సగం కూడా పట్టదు, చెన్నై నుంచి కొలంబోకి. గంటన్నర లోపే. ఒంగోలు వాళ్లు ఇంకో రెండు గంటల ముందు ఇంట్లోంచి బయల్దేరాలి, అంతే తేడా. తొలిసారి ఇలాంటి టూర్‌కి పోయేవాళ్లకి, డెబ్బై దాటిన అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని పోయేవాళ్లకి నేను వెంటనే చెప్పేది ఇదే.

గాలె కోట పోర్చుగీసువాళ్లు 1588లో మొదలుపెట్టింది. 1640లో డచ్చివాళ్లు లాక్కుని రాతిగోడలతో గట్టి చేశారు. ఆ గోడల లోపల ఇప్పటికీ కోర్టు ఉంది, బడి ఉంది, మసీదు, చర్చి ఉన్నాయి, సాయంత్రం పిల్లలు గోడ మీద క్రికెట్ చూస్తుంటారు, ఎందుకంటే టెస్ట్ మ్యాచ్‌లు జరిగే స్టేడియం సరిగ్గా కోట ఎదురుగానే ఉంది. 2004 సునామీలో బయటి ఊరు బాగా దెబ్బతింటే లోపలి ఊరిని చాలావరకు ఆ గోడలే కాపాడాయి. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో ఆ రోజు గుర్తున్నవాళ్లకి ఆ గోడ మీద నడుస్తుంటే ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

సిగిరియా దగ్గర మాత్రం మోకాళ్ల సంగతి ఆలోచించాలి. అయిదో శతాబ్దంలో కాశ్యపుడనే రాజు రాతిబండ నెత్తి మీద కట్టుకున్న నగరం అది. పైకి దాదాపు 1,200 మెట్లు. లిఫ్ట్ లేదు, డోలీ లేదు. దారి మధ్యలో ఉండే పెద్ద సింహం పంజాల శిల్పం దాకా ఎక్కి ఆగిపోయినా, అసలు ఎక్కకుండా కింద తోటల్లో తిరిగినా డబ్బు వృథా అయినట్టు కాదు. పైకి ఎక్కించే టూర్ పొద్దున్న ఏడింటికి తీసుకుపోతుందో, పదకొండింటికి ఎండలో తీసుకుపోతుందో అడగండి. పోలన్నరువ అంతా చదును నేల. చోళులు గెలిచి రాజధాని చేసుకున్న ఊరు, రాతిలో చెక్కిన పెద్ద బుద్ధ విగ్రహాలున్న ఊళ్లోనే వాళ్ల శివాలయం. సిగిరియాకి ఒక పూట, పోలన్నరువకి అరగంట ఇచ్చే ఐటినరరీ కంటే దాన్ని తిరగేసిన ఐటినరరీ నాకు నచ్చుతుంది.

క్యాండీలో ఇంకో సంగతి. అక్కడి చివరి రాజవంశం నాయకులది, మధురై వైపు నుంచి పోయినవాళ్లు. 1815లో ఇంగ్లీషువాళ్లు ఆఖరి రాజుని పట్టుకుని ఎక్కడికి పంపారనుకున్నారు? వేలూరికి. మనం వైద్యానికి పోయే వేలూరికే. ఆయన 1832లో అక్కడే పోయాడు. పాలారు పక్కన ఆయన సమాధి మండపం ఉంది. గైడుకి తోచకపోతే మీరే గుర్తుచేయండి.

క్యాండీ నుంచి ఎల్లా వైపు టీ తోటల మధ్య పోయే రైలు బ్రోచర్లన్నింట్లోనూ ఉంటుంది. రిజర్వ్‌డ్ సీటు ఇస్తున్నారా, నిలబెట్టి తీసుకుపోతున్నారా, ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా అనేది కాగితం మీద రాయించుకోవాలి. పెద్ద వానలకి కొండచరియలు విరిగిపడితే ఆ లైన్ ఆపేస్తుంటారు కాబట్టి మీరు పోయే నెలలో రైలు నడుస్తోందో లేదో కూడా కనుక్కోండి. గాలె, కొండప్రాంతం కలిపి చూడాలంటే డిసెంబర్ నుంచి మార్చి దాకా మంచిది. మే తర్వాత నైరుతి వానలు సరిగ్గా ఆ వైపే పడతాయి.

వియత్నాం, కంబోడియా: మనవాళ్లలో ఎక్కువమందికి

ఇక్కడ పాత నగరాలు ఫ్రెంచివాళ్లవి. హనోయ్‌లో చెట్ల నీడలో పసుపుపచ్చ మేడలు. సైగాన్‌లో, అంటే ఇప్పటి హో చి మిన్ సిటీలో, 1880ల్లో కట్టడం మొదలుపెట్టిన పెద్ద పోస్టాఫీసు, ఇప్పటికీ ఉత్తరాలు తీసుకుంటారు. ఎదురుగా ఎర్ర ఇటుకల చర్చి. ఇవి ఒక పూటలో అయిపోతాయి. హోయ్ ఆన్ అలా కాదు. అది ఫ్రెంచివాళ్ల కంటే ముందు చైనా, జపాన్, యూరప్ వర్తకులు దిగిన రేవు. నది పూడిపోయి ఓడలు రావడం మానేశాక వ్యాపారం డనాంగ్‌కి పోయింది, ఊరు మాత్రం ఉన్నది ఉన్నట్టు మిగిలిపోయింది. అక్కడ కనీసం రెండు రాత్రులు ఉండాలి. పగలు బస్సుల్లో వచ్చిన జనం సాయంత్రానికి పోతారు, వీధి అప్పుడే బాగుంటుంది. డనాంగ్ బీచ్ హోటల్లో పడుకోబెట్టి హోయ్ ఆన్‌ని మూడు గంటల్లో చూపించే ప్యాకేజీలు చాలా ఉన్నాయి, వాటి ధర కూడా అందుకే తక్కువ.

హోయ్ ఆన్ నుంచి గంట దూరంలో మీసాన్ ఉంది. చంపా రాజుల శివాలయాలు, నాలుగో శతాబ్దం నుంచి కట్టుకుంటూ వచ్చినవి. సంస్కృత శాసనాలు ఉన్నాయి. 1969లో అమెరికా బాంబులకి చాలా గుళ్లు కూలాయి, ఆ గుంటలు ఇంకా కనిపిస్తాయి. మన పురావస్తు శాఖ వాళ్లు పోయి కొన్ని గుళ్లని బాగు చేశారు. గ్రూప్ టూర్లలో ఇది చాలాసార్లు 'ఆప్షనల్' కింద ఉంటుంది, అంటే డబ్బు వేరే. వేరే అయినా పోండి.

కానీ ఈ దారి అసలు విలువంతా కంబోడియాలోని ఆంగ్‌కోర్‌లో ఉంది. పన్నెండో శతాబ్దంలో రెండో సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించిన ఆంగ్‌కోర్ వాట్ పడమటి గోడ మీద కురుక్షేత్రం మొత్తం చెక్కి ఉంది. అంపశయ్య మీద భీష్ముడు కనిపించగానే మన పెద్దవాళ్లకి గైడుతో పని ఉండదు, వాళ్లే పక్కనున్న విదేశీయులకి కథ చెప్పడం మొదలుపెడతారు. అదే వైపు లంకా యుద్ధం. తూర్పు వైపు క్షీరసాగర మథనం, ఒకే వరసలో దాదాపు 49 మీటర్ల పొడవున. దాన్ని ఒక చివర నుంచి ఇంకో చివరకి నెమ్మదిగా నడిచి చూడటానికే అరగంట కావాలి. గైడు "రండి రండి" అని తొందరపెట్టే గ్రూప్‌లో ఉంటే ఆ అరగంట దొరకదు.

నాకు అంతకంటే బాగా నచ్చింది బయాన్ గుడి బయటి గోడ. ఏడో జయవర్మ కట్టించింది. దాని మీద రాజులూ దేవుళ్లే కాదు, సంత ఉంది. చేపలమ్మే ఆడవాళ్లున్నారు. వల విసిరే మనిషి ఉన్నాడు, వల కింద చేపలు కూడా చెక్కారు. ఒకచోట రెండు పుంజుల్ని ఎదురెదురుగా పట్టుకుని ఇద్దరు కూర్చున్నారు, చుట్టూ మూగినవాళ్ల మొహాలు చూస్తే సంక్రాంతికి పందెం బరి దగ్గర నిలబడ్డ మనవాళ్లే. ఎనిమిది వందల ఏళ్ల కిందటి రాయి అది. అక్కడ గుళ్లో మొహాల బురుజులు పైన ఉన్నాయని అందరూ తలెత్తి ఫొటోలు తీసుకుంటారు, ఈ గోడ మాత్రం ఖాళీగా ఉంటుంది.

ఆంగ్‌కోర్ టికెట్ ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62, ఏడు రోజులకి 72. ప్యాకేజీలో ఏది ఇస్తున్నారో చూస్తే ఆ కంపెనీ ఉద్దేశం తెలిసిపోతుంది. ఒక రోజు టికెట్ ఇచ్చి "ఆంగ్‌కోర్ కవర్డ్" అని రాస్తే నాకు చాలు, ఇక ఆ బ్రోచర్ మడిచి పెట్టేస్తాను. మూడు రోజుల పాస్ ఉంటే పొద్దున్న చల్లగా తిరిగి, మధ్యాహ్నం హోటల్లో కునుకు తీసి, మళ్లీ సాయంత్రం పోవచ్చు. మనవాళ్ల వయసుకి అదే పద్ధతి. ఆంగ్‌కోర్ చూడటానికి బస చేసే ఊరు సియెం రీప్. దాని కొత్త ఎయిర్‌పోర్టు 2023లో తెరిచారు, ఊరికి బాగా దూరం, గంట ప్రయాణం. రాత్రి పొద్దుపోయాక దించే ఫ్లైట్ అయితే మర్నాడు సూర్యోదయం చూపిస్తామనే మాట నమ్మకండి.

ప్రకృతికి హలాంగ్ బే. నీళ్లలోంచి లేచిన వేలాది సున్నపురాతి గుట్టలు. పగటి పడవ, రాత్రి పడవ అని రెండు రకాలు. హనోయ్ నుంచి పొద్దున పోయి రాత్రికి వచ్చేసే పగటి టూర్‌లో రోడ్డు మీదే సగం రోజు పోతుంది. ఒక రాత్రి పడవలో ఉండేదే తీసుకోవాలి. ఈ మొత్తం దారికి నవంబర్ నుంచి మార్చి మొదటి దాకా ఎండ తట్టుకోవచ్చు, కాకపోతే నవంబర్‌లో హోయ్ ఆన్ వీధుల్లోకి వరదనీళ్లు వచ్చే రోజులుంటాయి, ఉత్తరాన చలికాలమంతా మబ్బు. నన్నడిగితే ఫిబ్రవరి. కానీ వాళ్ల కొత్త సంవత్సరం టెట్ ఆ రోజుల్లోనే వస్తుంది, ఆ వారం దుకాణాలు మూసేస్తారు, తేదీ చూసుకోండి.

పెరూ: ఊపిరి బాగున్నవాళ్లకి

లీమా, అరెకిపా, కుస్కో, మచుపిచ్చు, టిటికాకా. పేర్లు వినగానే పోవాలనిపిస్తుంది, పోవాల్సిందే కూడా. లీమా సముద్రం పక్కనే ఉంటుంది, కానీ వాన దాదాపు పడదు. తుఫాను అంటే తెలియని సముద్రపు ఊరు. అందుకే ఊరి నడిబొడ్డున పచ్చి ఇటుకలతో కట్టిన పాత పిరమిడ్ ఒకటి పదిహేను వందల ఏళ్లుగా కరగకుండా నిలబడి ఉంది. అరెకిపాలో చర్చిలూ మేడలూ అన్నీ తెల్లటి అగ్నిపర్వత రాయితో కట్టినవే, వెనక మిస్టీ అగ్నిపర్వతం. కుస్కోలో, తాము రాకముందు ఏలిన ఇన్కా రాజుల సూర్యాలయం గోడల మీదే స్పెయిన్ వాళ్లు చర్చి కట్టారు. 1950లో భూకంపం వస్తే పైన చర్చి కట్టడాలు కూలాయి, కింద ఇన్కాల గోడలు కదల్లేదు, పైగా అప్పటిదాకా సున్నం కింద దాగినవి బయటపడ్డాయి. సున్నం, మట్టి ఏదీ లేకుండా రాయికి రాయి చెక్కి పేర్చారు. ఒక వీధిలో పన్నెండు మూలలున్న రాయి ఉంది, చుట్టూ ఉన్న రాళ్లు ఆ పన్నెండు మూలలకీ సరిపోయేలా ఒదిగి ఉన్నాయి. సందులో అట్టముక్క కూడా దూరదు. ముట్టుకోనివ్వరు, చూడటమే.

చిక్కంతా ఎత్తుతో. కుస్కో 3,400 మీటర్లు. తిరుమల కొండ వెయ్యి మీటర్లు కూడా లేదు, మనకి అలవాటైన ఎత్తు అదే. సముద్రమట్టం దగ్గర పుట్టి పెరిగిన మనిషి లీమాలో రాత్రి పడుకుని మర్నాడు పొద్దున విమానంలో కుస్కోలో దిగితే తలనొప్పి, వాంతి, నిద్ర పట్టకపోవడం మామూలు. మాకు తెలిసిన ఒక జంట అలాగే పోయి రెండు రోజులు హోటల్ గదిలో ఆక్సిజన్ పెట్టుకుని కూర్చున్నారు. కంపెనీ పేరు అనవసరం, ఆ ఐటినరరీ ఇప్పటికీ చాలామంది అమ్ముతున్నారు, ఎందుకంటే అలా చేస్తే ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుంది.

మంచి ఐటినరరీ ఎలా ఉంటుందంటే: లీమా తర్వాత అరెకిపా, అది 2,335 మీటర్లే, అక్కడ రెండు మూడు రాత్రులు. లేదా కుస్కో ఎయిర్‌పోర్టులో దిగి ఊళ్లో ఆగకుండా కిందికి, ఉరుబంబా లోయలోకి పోయి పడుకోవడం. అక్కడ 2,900 మీటర్ల లోపే. అక్కడి నుంచి రైల్లో ఇన్కాల శిథిల నగరం మచుపిచ్చు. మచుపిచ్చు 2,430 మీటర్లే, కుస్కో కంటే కిందే ఉంటుంది. ఇది చాలామందికి తెలియదు, కొండ మీద ఫొటో చూసి అదే అన్నింటికంటే ఎత్తనుకుంటారు. కుస్కోని చివరికి పెట్టాలి. టిటికాకా సరస్సు 3,812 మీటర్లు. కోల్కా లోయకి, కాండర్ రాబందులు చూడటానికి, పోయే దారిలో 4,900 మీటర్ల కనుమ దాటిస్తారు. గుండె, ఆస్తమా ఇబ్బందులున్నవాళ్లు ఈ రెండూ లేని ప్యాకేజీ అడిగి తీసుకోవాలి. ఎత్తు పడనివాళ్లకి ఇచ్చే డయామాక్స్ లాంటి మాత్రలు మీ డాక్టర్‌ని అడక్కుండా వేసుకోకండి. అక్కడ హోటళ్లలో కోకా ఆకుల టీ ఇస్తారు, తాగితే తాగండి, ఆకులు బ్యాగులో వేసుకుని మాత్రం అమెరికాకో ఇండియాకో రావద్దు.

మచుపిచ్చు టికెట్‌లో మూడు సర్క్యూట్లు ఉన్నాయి. ఒకటో నంబర్ పైనుంచి ఫొటో తీసుకోవడానికి మాత్రమే, నగరంలోకి దింపదు. రెండోది ఫొటో, నగరం రెండూ చూపిస్తుంది. మూడోది కింది భాగం, మెట్లు తక్కువ. బ్రోచర్‌లో "మచుపిచ్చు ఎంట్రన్స్" అని మాత్రమే ఉంటే సర్క్యూట్ నంబర్ అడగండి. రెండోది ముందుగా అయిపోతుంది. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేర్లతో ఇక్కడే తిప్పలు, ఒకరికి ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకొకరికి పొడి అక్షరమే ఉంటుంది, కొందరికి సర్‌నేమ్ గడి ఖాళీ. పాస్‌పోర్టు మొదటి పేజీ స్కాన్ పంపండి, ఫోన్‌లో స్పెల్లింగ్ చెప్పకండి.

ఇక ఎల్లో ఫీవర్ టీకా. పెరూ నుంచి బయటపడి ఆరు రోజులు దాటకముందే ఇండియాలో దిగేవాళ్ల దగ్గర ఆ టీకా పసుపు కార్డు ఉండాలి. లేకపోతే క్వారంటైన్‌లో పెట్టే అధికారం మనవాళ్లకి ఉంది. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. మనకి దగ్గరలో చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. అరవై దాటినవాళ్లకి ఈ టీకాతో రిస్క్ కాస్త ఎక్కువ కాబట్టి ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. పెరూ చూసి మళ్లీ అమెరికాలో పిల్లల దగ్గర వారం పైన ఉండి వచ్చేవాళ్లకి ఈ బాధ లేదు.

పోవాల్సిన కాలం మే నుంచి సెప్టెంబర్. మనకి రోహిణి కార్తె నడుస్తుంటే అక్కడ పగలు హాయిగా, రాత్రి గడ్డకట్టే చలి. పిల్లల దగ్గరికి వేసవిలో పోయేవాళ్లకి బాగా కలిసొస్తుంది.

మెక్సికో: అమెరికాలో పిల్లలున్నవాళ్లకి

అమెరికా వీసా చెల్లుబాటులో ఉన్న భారతీయులకి మెక్సికోలో టూరిస్టుగా అడుగుపెట్టడానికి వేరే వీసా అక్కర్లేదు. పెరూ కూడా అలాగే రానిస్తుంది, కాకపోతే ఆ అమెరికా వీసాకి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటుంది. తిరిగి అమెరికాలోకి రావాలి కాబట్టి మల్టిపుల్ ఎంట్రీ ఉందో లేదో చూసుకోండి. డాలస్ నుంచి మెక్సికో సిటీకి మూడు గంటల లోపే. అమెరికాలో ఆర్నెల్లు ఇంట్లో కూర్చుని విసుగొచ్చిన అత్తమామల్ని ఓ పన్నెండు రోజులు పంపించడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

మెక్సికో సిటీ ఉన్నది అజ్టెక్ రాజధాని మీదే. 1521లో స్పెయిన్ వాళ్లు దాన్ని పడగొట్టి ఆ రాళ్లతోనే పెద్ద చర్చి కట్టుకున్నారు. 1978లో కరెంటు వాళ్లు చర్చి పక్కన గొయ్యి తవ్వుతుంటే పెద్ద దేవత శిల్పం బయటపడింది, అక్కడ తవ్వితే పాత గుడే ఉంది. ఇప్పుడు రెండూ పక్కపక్కనే చూడొచ్చు. సరస్సు పూడ్చిన నేల కాబట్టి చర్చి కుంగుతూ ఉంటుంది, లోపల నడుస్తుంటే పక్కకి ఒరిగినట్టు తెలుస్తుంది. ఆ తర్వాత పుయెబ్లా, వహాకా, మెరీదా. శిథిలాల్లో టెయోటివకాన్, మోంటె ఆల్బన్, పలెంకె, ఉష్మల్, చిచెన్ ఇట్సా. చిచెన్ ఇట్సా పిరమిడ్ ఎక్కనివ్వడం ఎప్పుడో ఆపేశారు, నేలంతా చదును, వీల్‌చైర్ కూడా నడుస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి నాలుగు టూర్లలోకీ ఇదే సులువైన పెద్ద శిథిలం.

ఒక్కటి జాగ్రత్త. మెక్సికో ప్యాకేజీలు చాలావరకు బీచ్ ఊరు కాన్‌కూన్‌లో నాలుగైదు రాత్రులు కలిపేస్తాయి. సముద్రం చూడటానికి మనకి మైపాడు ఉంది. ఆ రాత్రుల్ని మెరీదాకీ వహాకాకీ మార్పించుకోండి.

ఐటినరరీని ఎలా చదవాలి

టూర్ కాగితంలో కొన్ని మాటలుంటాయి. 'విజిట్' అంటే దింపి లోపలికి తీసుకుపోతారు. 'ఫొటో స్టాప్' అంటే బయట పది నిమిషాలు. 'డ్రైవ్ పాస్ట్', 'ప్యానరామిక్ టూర్' అంటే బస్సు దిగరు. 'ఎట్ లీజర్' అని ఉంటే ఆ పూట మీ భోజనం, మీ టాక్సీ మీవే. ఒక పెన్ను తీసుకుని 'విజిట్' ఉన్నచోటల్లా గీత పెట్టండి. తర్వాత ఒక రాత్రే ఉన్న ఊళ్లకి సున్నా చుట్టండి. సున్నాలు నాలుగు దాటితే ఆ టూర్‌లో మీరు ఎక్కువ చూసేది సూట్‌కేసే.

'టూర్ మేనేజర్', 'లోకల్ గైడ్' ఒకటి కాదు. మన కంపెనీ టూర్ మేనేజర్ వెంట వస్తాడు, హిందీలోనో తెలుగులోనో మాట్లాడతాడు, గదులు ఇప్పిస్తాడు, సాయంత్రం పప్పన్నం దొరికే చోటికి తీసుకుపోతాడు. శిథిలాల గురించి చెప్పాల్సింది లోకల్ గైడు. ప్రతి ఊళ్లో లైసెన్స్ ఉన్న ఇంగ్లీష్ గైడు ఉన్నాడా అనేది విడిగా రాసి ఉండాలి. మెక్సికో, పెరూలకి అక్కడి కంపెనీల టూర్లే తీసుకుంటే గైడు మేలైనవాడు దొరుకుతాడు, పప్పన్నం దొరకదు. ఈ రెండింట్లో ఏది ముఖ్యమో మొగుడూపెళ్లాం ముందే మాట్లాడుకోవడం మంచిది.

భోజనం సంగతి వచ్చింది కాబట్టి. శ్రీలంకలో అన్నం, పప్పు, ఇడియాప్పం, ఆప్పం, ఇబ్బందే లేదు, కొబ్బరి పచ్చట్లో మాత్రం ఎండుచేప పొడి కలుపుతారు, శాకాహారులు అడిగి వేసుకోవాలి. చింతపండు బదులు గొరక అనే పులుపుతో చేసే చేపల కూర ఒకటుంది, నెల్లూరు చేపల పులుసు తినే నోటికి కొత్తగా ఉంటుంది, వదిలిపెట్టకండి. వియత్నాంలో దాదాపు అన్నింట్లో చేప సాస్ పడుతుంది, కానీ బౌద్ధుల శాకాహార హోటళ్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి, బోర్డు మీద సి, హెచ్, ఎ, వై అనే నాలుగు అక్షరాలు చూస్తే చాలు. మెక్సికోలో మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజలు చూసి శాకాహారమే కదా అనుకుంటారు, ఆ గింజల్ని చాలాచోట్ల పంది కొవ్వుతో వేయిస్తారు. 'మంతేకా' ఉందా అని అడగాలి. గోంగూర పువ్వు అడుగునుండే మందపాటి రేకలు ఎండబెట్టి కాచి చల్లార్చిన ఎర్రటి పుల్లటి పానీయం అక్కడ ప్రతి హోటల్లో ఉంటుంది, మన నోటికి ఇట్టే పడుతుంది. పెరూలో 'లోమో సాల్తాదో' అంటే ఆవు మాంసం, వద్దనుకునేవాళ్లు ఆ పేరు గుర్తుంచుకోండి. అన్నం, బంగాళాదుంప, కినువా ఎక్కడైనా ఉంటాయి. మిరపకాయ, వేరుశనగ, పొగాకు, మన ప్రకాశం రైతు బతుకంతా ఆ ఖండం నుంచి వచ్చిన పంటల మీదే, అయినా అక్కడి వంట మనకి చప్పగా ఉంటుంది. ఆవకాయ, కారప్పొడి పట్టుకుపోదామంటే విమానంలో నూనె కారకుండా ప్యాక్ చేయించండి, అక్కడి కస్టమ్స్ ఫారంలో తిండి వస్తువులున్నాయని రాసేయండి.

ఎవరికి ఏది

డెబ్బై దాటినవాళ్లు, లేదా పాస్‌పోర్టు మీద ఇంకా ఒక్క స్టాంపు కూడా లేనివాళ్లు శ్రీలంక పది రోజులు పోవాలి. రామాయణం, భారతం చదివి పెరిగినవాళ్లు, నడవగలిగినవాళ్లు వియత్నాం, కంబోడియా పద్నాలుగు రోజులు. అందులో కంబోడియాకి నాలుగు రాత్రులు ఇవ్వకపోతే ఒప్పుకోకండి. పిల్లలు అమెరికాలో ఉండి మీకు వీసా ఉంటే మెక్సికో ముందు, పెరూ తర్వాత. పెరూకి అరవై అయిదు లోపే పోవాలన్నది నా అభిప్రాయం. ఆరోగ్యం బాగున్నవాళ్లు తర్వాతా పోతారు, నేను కాదనను, కానీ డబ్బు కూడేదాకా ఆగుదాం అనుకుంటూ ఉంటే మోకాళ్లు ఆగవు. చెన్నై నుంచి నేరుగా పెరూకే పోవడం మాత్రం నేను ఎవరికీ చెప్పను. పోను ముప్పై గంటల పైన, రాను అంతే, ఆ టికెట్ డబ్బులో శ్రీలంక టూరే అయిపోతుంది చాలాసార్లు.

రెండు టూర్లు దాదాపు సమానంగా అనిపిస్తే ధర తక్కువది కాకుండా రాత్రులు తక్కువ ఊళ్లలో పంచింది తీసుకోండి.

అడ్వాన్స్ కట్టేముందు ఇంకో నాలుగు మాటలు. రాసిన ధరలో వీసా, టిప్పులు, ఇన్సూరెన్స్, లోపలి విమానాలు కలిసాయో లేదో విడివిడిగా రాయించుకోండి. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ అని కొంత పన్ను పట్టుకుంటారు. అది ఖర్చు కాదు, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, కానీ ఆ రేటు మారుతూ ఉంటుంది కాబట్టి కట్టే రోజుకి ఎంతో కనుక్కుని ఆ మొత్తం చేతిలో ఉంచుకోండి. ఒంటరిగా పోయేవాళ్లు 'సింగిల్ సప్లిమెంట్', అంటే గది ఒక్కరికే ఇచ్చినందుకు అదనంగా తీసుకునే డబ్బు, ఎంతో ముందే అడగాలి, అది కొన్నిసార్లు ప్యాకేజీలో మూడో వంతు దాకా ఉంటుంది. గ్రూప్‌లో కనీసం ఇంతమంది చేరకపోతే టూర్ రద్దు అనే షరతు ఉంటే, రద్దు తేదీ ఎప్పుడో, డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారో కాగితం మీద ఉండాలి. ఆ తేదీ దాటాకే చెన్నైకి రైలు టికెట్లు తీయండి.